ఏ వేలి కింద ఏ స్వరం?



గిటార్ పట్టుకున్న పిల్లలు మొదటి ఏడాది చకచకా ముందుకు పోతారు. సి, జి, డి, ఎ మైనర్, ఇ మైనర్ కార్డులు చేతికి వస్తాయి. వాటితోనే బోలెడు పాటలు వస్తాయి, కాలేజీ వార్షికోత్సవంలో చప్పట్లూ వస్తాయి. ఆ తర్వాత చాలామంది అక్కడే ఆగిపోతారు. ఏ పాట ఎత్తుకున్నా చెయ్యి ఆ నాలుగైదు ఆకారాల్లోకే వెళ్లిపోతుంది. కొన్నాళ్లకు వాయించేవాళ్లకే విసుగు పుడుతుంది. అప్పుడు వందలకొద్దీ కార్డుల బొమ్మలున్న పుస్తకం కొంటారు, లేదా ఫోన్‌లో యాప్ పెట్టుకుంటారు. ఆ బొమ్మల్ని కొద్దిరోజులు బట్టీ పడతారు. పాటలో వాటిని ఎక్కడ వాడాలో తెలియక మళ్లీ మరిచిపోతారు.

ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే మాట. మీకు ఇప్పటికే వచ్చిన కార్డులో ఏ వేలి కింద ఏ స్వరం ఉందో తెలుసుకోండి. అది తెలిసిన చేతికి కొత్త కార్డులు వాటంతటవే దొరుకుతాయి. సరళీ స్వరాలు విన్న చెవికి ఈ పని మరీ సులువు. దగ్గరలో గిటార్ ఉంటే చేతిలోకి తీసుకోండి. లేకపోయినా ఫర్వాలేదు, నేను వాయిస్తూ చెబుతాను. ఇక్కడ స్వరాల పేర్లు వాడేది స్వరస్థానాలకు మాత్రమే. గమకాల జోలికి వెళ్లడం లేదు.

ముందు తీగల సంగతి. లావు తీగ ఆరోది, సన్న తీగ ఒకటోది. ఆరో తీగ నుంచి వరసగా ఇ, ఎ, డి, జి, బి, ఇ. వీణలో మెట్టు అంటామే, ఇక్కడ దాన్ని ఫ్రెట్ అంటారు. ఒక్కో ఫ్రెట్‌కు ఒక్కో స్వరస్థానం. పన్నెండు ఫ్రెట్లు జరిగితే పై స్థాయి షడ్జమం. ఒక తీగకూ పక్క తీగకూ మధ్య దూరం ఐదు ఫ్రెట్లు, అంటే స నుంచి శుద్ధ మధ్యమం దాకా. మూడో తీగకూ రెండో తీగకూ మధ్య మాత్రం నాలుగే, అంటే అంతర గాంధారం దాకా. ఒకే కార్డు వేర్వేరు తీగల మీద వేర్వేరు ఆకారంలో కనిపించడానికి కారణం ఈ ఒక్క ఫ్రెట్ తేడాయే.

ఇప్పుడు అందరికీ తెలిసిన సి మేజర్ వాయిస్తున్నాను. వినండి. ఉంగరం వేలు ఐదో తీగ మూడో ఫ్రెట్ మీద, నడివేలు నాలుగో తీగ రెండో ఫ్రెట్ మీద, చూపుడు వేలు రెండో తీగ ఒకటో ఫ్రెట్ మీద ఉన్నాయి. మూడో తీగ, ఒకటో తీగ ఖాళీగా మోగుతున్నాయి. సి ని షడ్జమం అనుకుంటే, ఐదో తీగ నుంచి కిందికి వినిపించేవి స, గ, ప, స, గ. ఐదు తీగలు మోగినా స్వరాలు మూడే. స రెండుసార్లు, అంతర గాంధారం రెండుసార్లు, ప ఒకసారి. మేజర్ కార్డు ఏదైనా ఉండేవి ఈ మూడు స్వరాలే. ఆ అంతర గాంధారాన్ని ఒక ఫ్రెట్ తగ్గించి సాధారణ గాంధారం చేస్తే అదే మైనర్ కార్డు. కార్డు నవ్వుతుందా, దిగులుగా ఉంటుందా అనేది గాంధారం చేతిలో ఉంది.

ఇక మొదటి ప్రయోగం. సి మేజర్ పట్టుకుని చూపుడు వేలు ఒక్కటి పైకెత్తండి. రెండో తీగ ఖాళీగా మోగుతుంది. అది బి, అంటే కాకలి నిషాదం. వినండి, వెంటనే రంగు మారింది. దీని పేరు సి మేజర్ సెవెన్. మళ్లీ చూపుడు వేలు పెట్టి, ఈసారి చిటికెన వేలిని రెండో తీగ మూడో ఫ్రెట్ మీద ఉంచండి. అక్కడ చతుశ్రుతి రిషభం ఉంది. దీన్ని సి యాడ్ నైన్ అంటారు. అలాగే ఎ మైనర్ పట్టుకుని ఉంగరం వేలు ఎత్తితే ఎ మైనర్ సెవెన్ వస్తుంది. ఒక్క వేలు కదిలించి మూడు కొత్త కార్డులు వాయించాం. మీకు వచ్చిన ప్రతి కార్డులోనూ ఒక్కో వేలూ ఎత్తి చూడండి, పక్క ఫ్రెట్‌కు జరిపి చూడండి. వచ్చిన శబ్దం నచ్చితే ఏ స్వరం చేరిందో, ఏ స్వరం పోయిందో పైకి చెప్పండి. పేరు తర్వాత వెతుక్కోవచ్చు.

రెండో ప్రయోగం. ఆరు తీగలూ మీటాలన్న పట్టుదల వదిలేసి కింది మూడు సన్న తీగలు మాత్రమే తీసుకోండి. సి మేజర్‌లో ఆ మూడింటి మీద ఉన్నవి ప, స, గ. ఇప్పుడు మూడో తీగ ఐదో ఫ్రెట్, రెండో తీగ ఐదో ఫ్రెట్, ఒకటో తీగ మూడో ఫ్రెట్ నొక్కండి. ఇది స, గ, ప. ఇంకా పైకి వెళ్లి మూడో తీగ తొమ్మిదో ఫ్రెట్, రెండో తీగ ఎనిమిది, ఒకటో తీగ ఎనిమిది. ఇది గ, ప, స. మూడూ సి మేజరే. ఒకదాని తర్వాత ఒకటి వాయిస్తాను, వినండి. కార్డు మారలేదు, పైన వినిపించే స్వరం మాత్రం గ నుంచి ప కి, ప నుంచి పై స కి ఎక్కింది. అంటే కార్డులతోనే చిన్న వరస పాడించవచ్చన్నమాట. చివరి రెండింటిలో గాంధారం ఏ తీగ మీద ఉందో మీకు తెలుసు కనుక, దాన్ని ఒక ఫ్రెట్ వెనక్కి జరిపితే సి మైనర్ కూడా వచ్చేస్తుంది. ఐదు, ఐదు, మూడు అన్న ఆకారం ఐదు, నాలుగు, మూడు అవుతుంది. తొమ్మిది, ఎనిమిది, ఎనిమిది అన్నది మూడు ఎనిమిదులవుతుంది, ఒక్క వేలు అడ్డంగా పడుకోబెడితే సరిపోతుంది. ఇద్దరు గిటార్ వాయించేచోట ఇది ఎంతో పనికొస్తుంది. ఒకరు కింద మామూలు సి వాయిస్తుంటే రెండోవారు పైన ఈ మూడు తీగల ఆకారం వాయించండి. రెండు గిటార్లూ ఒకే శబ్దం చేస్తూ కూర్చోవడం తప్పుతుంది.

మూడు స్వరాలతో ఎంత చేయవచ్చో చూపించిన మహానుభావుడు అమెరికాలో ఒకరుండేవారు. పేరు ఫ్రెడ్డీ గ్రీన్. 1937లో కౌంట్ బేసీ జాజ్ బృందంలో చేరి, 1987లో కన్నుమూసే దాకా యాభై ఏళ్లు అదే బృందంలో గిటార్ వాయించారు. ట్రంపెట్లు, ట్రాంబోన్లు, శాక్సోఫోన్లు హోరెత్తించే ఆ బృందంలో ఆంప్లిఫయర్ లేని మామూలు గిటార్ పట్టుకుని కూర్చునేవారు. తాళానికి నాలుగు దెబ్బలు. ప్రతి దెబ్బకూ రెండు మూడు స్వరాలు, ఒక్కోసారి ఒక్కటే. మిగిలిన తీగల్ని వేళ్లతో మూగగా ఉంచేవారు. అయినా మొత్తం బృందం నడక ఆ చేతి మీదే నిలబడేది.

ఆ తరహా ఆకారం ఒకటి ఇప్పుడు పట్టుకుందాం. ఆరో తీగ మూడో ఫ్రెట్, నాలుగో తీగ మూడో ఫ్రెట్, మూడో తీగ నాలుగో ఫ్రెట్. ఐదో తీగను నడివేలి అంచు తాకి మూగగా ఉంచుతుంది. ఇది జి సెవెన్. జి ని షడ్జమం అనుకుంటే, ఇందులో ఉన్నవి స, కైశికి నిషాదం, అంతర గాంధారం. పంచమం లేదు. ఉన్నా లేకపోయినా కార్డు గుణం మారదు కనుక వదిలేశాం. బృందంలో బేస్ వాయించేవారుంటే షడ్జమం కూడా వారికే వదిలేయవచ్చు. మిగిలిన గ, ని అనే రెండు స్వరాలే కార్డు ఏదో చెప్పేస్తాయి.

ఈ జంటలో ఒక అద్భుతం ఉంది. వాయిస్తాను, జాగ్రత్తగా వినండి. జి సెవెన్‌లో నాలుగో తీగ మీద ని, మూడో తీగ మీద గ ఉన్నాయి. ఆ రెండు వేళ్లనూ ఒక్క ఫ్రెట్ వెనక్కి జరుపుతున్నాను. షడ్జమాన్ని ఆరో తీగ నుంచి ఐదో తీగకు మారుస్తున్నాను, అదే మూడో ఫ్రెట్‌లో. ఇప్పుడిది సి సెవెన్. ఇక్కడ నాలుగో తీగ మీద గ, మూడో తీగ మీద ని. రెండు తీగలూ తమ బాధ్యతలు మార్చుకున్నాయి. జి సెవెన్ స్థానం నుంచి ఆ జంటను ఒక ఫ్రెట్ ముందుకు జరిపి, ఐదో తీగ ఐదో ఫ్రెట్‌లో షడ్జమం పెడితే డి సెవెన్. జి, సి, డి. అమెరికా నల్లజాతి ప్రజలు ప్రపంచానికిచ్చిన బ్లూస్ సంగీతపు పన్నెండు ఆవర్తాల పాట మొత్తం ఈ మూడు కార్డులతో నడుస్తుంది. చెయ్యి నాలుగు ఫ్రెట్ల మేర దాటనక్కర్లేదు. వేళ్లు ఇంత తక్కువ కదిలితే లయ చక్కగా నిలుస్తుంది.

ఇప్పుడు సి సెవెన్ దగ్గరే ఆగి రెండో తీగ సంగతి చూద్దాం. ఐదో తీగ మూడో ఫ్రెట్‌లో స, నాలుగో తీగ రెండో ఫ్రెట్‌లో గ, మూడో తీగ మూడో ఫ్రెట్‌లో ని. రెండో తీగ ఖాళీగా ఉంది. దాని రెండో ఫ్రెట్‌లో శుద్ధ రిషభం ఉంది, మూడో ఫ్రెట్‌లో చతుశ్రుతి రిషభం, నాలుగో ఫ్రెట్‌లో షట్శ్రుతి రిషభం. మూడు రిషభాలూ పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది చేరిస్తే సి సెవెన్ ఫ్లాట్ నైన్, వినండి, ఏదో ఆందోళన ఉంది. రెండోది చేరిస్తే సి నైన్, ఇది నిండుగా, మెత్తగా ఉంది. మూడోది చేరిస్తే సి సెవెన్ షార్ప్ నైన్. ఇది కరుకుగా ఉంది, గాంధారంతో ఢీకొంటున్నట్టు ఉంది. ఇదే ఆకారాన్ని నాలుగు ఫ్రెట్లు పైకి జరిపి ఐదో తీగ ఏడో ఫ్రెట్ దగ్గర పట్టుకుంటే ఇ సెవెన్ షార్ప్ నైన్ అవుతుంది. జిమీ హెండ్రిక్స్ 1967లో విడుదల చేసిన ‘పర్పుల్ హేజ్’ పాటలో ఈ కార్డు ఎంత పేరు తెచ్చుకుందంటే, గిటార్ వాయించేవాళ్లు దీన్ని హెండ్రిక్స్ కార్డు అనే పిలుస్తారు. షట్శ్రుతి రిషభం, అంతర గాంధారం కలిసి ఉండటం మన చెవికి కొత్తేమీ కాదు. నాట రాగంలో ఆ రెండూ ఉన్నాయి. పుస్తకంలో భయపెట్టే పేరుతో కనిపించే కార్డు ఇలా స్వరాలుగా విడదీస్తే మనకు తెలిసినదే అవుతుంది.

నా వేళ్లు పొట్టివి, చెయ్యి చాలదు అని దిగులుపడే విద్యార్థులు చాలామంది ఉంటారు. వారికి నేను జాంగో రైన్‌హార్ట్ గురించి చెబుతాను. 1910లో బెల్జియంలో ఒక సంచార రోమా కుటుంబంలో పుట్టాడు. 1928లో తాను నివసించే బండికి నిప్పంటుకుని ఒళ్లు కాలింది. ఎడమచేతి ఉంగరం వేలు, చిటికెన వేలు ముడుచుకుపోయాయి. అంతటితో గిటార్ జీవితం ముగిసిందనుకోవాలి. ఆయన మిగిలిన రెండు వేళ్లతో కొత్త ఆకారాలు కనిపెట్టుకున్నాడు. ముడుచుకున్న వేళ్లను కూడా సన్న తీగల మీద ఆనించి కార్డుల్లో వాడుకున్నాడు. 1934లో పారిస్‌లో వయొలిన్ విద్వాంసుడు స్తెఫాన్ గ్రాపెల్లీతో కలిసి మొదలుపెట్టిన బృందం యూరప్ జాజ్ చరిత్రనే మార్చింది. ఆ రికార్డింగులు ఇవాళ తేలిగ్గా దొరుకుతాయి, తప్పక వినండి. ఏ స్వరం ఉంచాలో, ఏది వదలాలో తెలిసిన మనిషికి రెండు వేళ్లు సరిపోయాయి. నాలుగు వేళ్లూ ఉన్న మనం దిగులుపడటానికి కారణం లేదు.

మూడో ప్రయోగం ఖాళీ తీగలతో. ఇ మేజర్ పట్టుకోండి. ఐదో తీగ, నాలుగో తీగ రెండో ఫ్రెట్‌లో, మూడో తీగ ఒకటో ఫ్రెట్‌లో. ఇ ని షడ్జమం అనుకోండి. ఇప్పుడు ఆ మూడు వేళ్లనూ అలాగే ఒక్క ఫ్రెట్ ముందుకు జరపండి. మిగిలిన మూడు తీగలూ ఖాళీగా మోగనివ్వండి. వినండి. స్పెయిన్ దేశపు ఫ్లమెంకో సంగీతం వినిపించింది కదా. ఏం జరిగిందో స్వరాల్లో చూద్దాం. ఖాళీ తీగలు స, ప, స మోగుతున్నాయి. వేళ్ల కింద శుద్ధ ధైవతం, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం వచ్చాయి. ముందు వాయించిన ఇ మేజర్‌లో స, అంతర గాంధారం, ప ఉన్నాయి. రెండు కార్డులూ కలిపితే స, శుద్ధ రి, అంతర గ, శుద్ధ మ, ప, శుద్ధ ధ. పురందరదాసు ఏర్పరచిన పాఠాల దారిలో మన పిల్లలు మొట్టమొదట పాడే మాయామాళవగౌళలో నిషాదం తప్ప మిగిలినవన్నీ ఇవే. అందుకే ఫ్లమెంకో మొదటిసారి విన్న తెలుగువారికి కూడా ఎక్కడో విన్నట్టే ఉంటుంది. అదే ఆకారాన్ని ఇంకో రెండు ఫ్రెట్లు జరిపితే సాధారణ గాంధారం, కైశికి నిషాదం తగులుతాయి. ఒక్క ఆకారాన్ని తీగ పొడుగునా జరుపుతూ ఎక్కడ ఆగితే బాగుందో మీరే తేల్చుకోండి.

తీగల శ్రుతినే మార్చడం ఇంకో దారి. బ్రిటన్ వాద్యకారుడు డేవీ గ్రాహం 1960ల మొదట్లో మొరాకో వెళ్లి అక్కడి ఊద్ వాద్యం విన్నారు. దానితో కలిపి వాయించడానికి అనువుగా ఆరో తీగ, రెండో తీగ, ఒకటో తీగ ఒక్కోదాన్నీ రెండు స్వరస్థానాలు దించి శ్రుతి చేసుకున్నారు. అప్పుడు తీగల వరస డి, ఎ, డి, జి, ఎ, డి. డి ని షడ్జమం చేసుకుంటే ఇది స, ప, స, మ, ప, స. గాంధారం లేదు కనుక మేజరూ కాదు, మైనరూ కాదు. మూడు లావు తీగలు బొటనవేలితో మీటుతుంటే తంబూరా తోడున్నట్టు ఉంటుంది. ఒకటో తీగ మీద రెండు, నాలుగు, ఏడు, తొమ్మిది, పన్నెండో ఫ్రెట్లు వరసగా నొక్కితే మోహన రాగం ఆరోహణ. ఇదిగో, వినండి. తీగలు దించడమే కనుక తెగుతాయన్న భయం లేదు. వారానికొక రోజు ఈ శ్రుతిలో వాయించండి, వేళ్లు పాత అలవాట్లను కొంతసేపు మరిచిపోతాయి.

ఇన్ని ఆకారాలు నేర్చుకుని పాటలో వాడకపోతే లాభం లేదు. దానికో తేలికైన సూత్రం చెబుతాను. శంకరాభరణం స్వరాల మీద కార్డులు కడితే ఏడు వస్తాయి. సి నుంచి మొదలుపెడితే సి మేజర్, డి మైనర్, ఇ మైనర్, ఎఫ్ మేజర్, జి మేజర్, ఎ మైనర్, బి డిమినిష్డ్. ఏ స్వరమైనా వీటిలో సరిగ్గా మూడు కార్డుల్లో ఉంటుంది. పంచమం తీసుకోండి, అంటే జి. అది సి మేజర్‌లో ఉంది, ఇ మైనర్‌లో ఉంది, జి మేజర్‌లో ఉంది. కనుక పాట పంచమం మీద నిలిచినచోట ఈ మూడింటిలో ఏదైనా వాయించి చూడవచ్చు. పాట మారదు, దాని కింద నేల మారుతుంది. ఇళయరాజా గారి పాటలు ఈ దృష్టితో వినండి. ఆయన చెన్నైలో ధనరాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు, క్లాసికల్ గిటార్‌లో లండన్ ట్రినిటీ కాలేజీ బంగారు పతకం అందుకున్నారు. పల్లవి రెండోసారి వచ్చినప్పుడు గాయకుడి గొంతు వదిలేసి బేస్ గిటార్ ఎటు నడుస్తోందో గమనించండి. హార్మనీ పాఠాలు అక్కడ ఎన్నో ఉన్నాయి.

చివరిగా సాధన గురించి నాలుగు మాటలు. వారానికి ఒక్క ఆకారం చాలు. దాన్ని మెడ మీద పన్నెండు చోట్లకూ జరిపి వాయించండి. ప్రతిచోటా షడ్జమం ఎక్కడుందో, గాంధారం ఎక్కడుందో పైకి చెప్పండి. మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టుకుని, కార్డు మార్పు దెబ్బ మీద పడేలా చూసుకోండి. వేగం తర్వాత వస్తుంది. మణికట్టు వంగిపోకుండా, బొటనవేలు మెడ వెనక నిదానంగా ఆనేలా చూసుకోండి. నొప్పి వస్తే ఆపేయండి, పళ్లబిగువున సాగించకండి. ఒకటో ఫ్రెట్‌లో ఎఫ్ కార్డు మొత్తం అడ్డంగా నొక్కడం రాకపోతే సిగ్గుపడకండి. సన్న తీగలు నాలుగింటి మీద చిన్న ఎఫ్ వాయించండి. నాలుగో తీగ మూడు, మూడో తీగ రెండు, రెండు సన్న తీగలూ ఒకటో ఫ్రెట్. ఎఫ్ కి కావలసిన స, గ, ప మూడూ అందులో ఉన్నాయి.

తల్లిదండ్రులకు కూడా ఒక విన్నపం. పిల్లలు గిటార్‌తో పాటు కొంచెం కర్ణాటక సంగీతం నేర్చుకుంటే రెండూ గందరగోళమవుతాయని కొందరు భయపడతారు. ఆ భయం వద్దు. స్వరస్థానాలు గుర్తుపట్టే చెవి ఉన్న పిల్లవాడు గిటార్‌లో ఎవరికన్నా ముందుంటాడు. అలాగే గిటార్ నేర్పే మిత్రులకు నా మనవి. బోర్డు మీద చుక్కలు గీసి ఆకారం చూపించి వదిలేయకండి. ఆ చుక్క కింద ఏ స్వరముందో మొదటి పాఠం నుంచే చెప్పండి.

ఈ సాయంత్రం గిటార్ తీసుకుని మీకు బాగా వచ్చిన ఒక కార్డు పట్టుకోండి. ఒక్క వేలు ఎత్తండి. వచ్చిన స్వరమేదో పేరు పెట్టి పిలవండి. రేపు ఇంకో వేలు.